గృహరక్షణ కెమేరాలు – ఇరుగుపొరుగు మర్యాద

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పూర్వము పల్లెలో ఇంటికి కాపలా అనునది వేరుగా ఉండెడిది కాదు. వీధి అరుగుపై కూర్చుండిన వృద్ధుడే కాపలా. ఎదురింటి గడపలో బియ్యము ఏరుకొను ఇల్లాలే కాపలా. ఊరికి క్రొత్తవాడెవడైన వచ్చినచో నాలుగడుగులు వేయకమునుపే "ఎవరింటికి నాయనా?" అను ప్రశ్న వానికి ఎదురయ్యెడిది. ఆ ఒక్క ప్రశ్నతో సగము దొంగతనములు నిలిచిపోయెడివి.

నేడు అరుగులు తగ్గినవి, ప్రహరీగోడలు పెరిగినవి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగములు చేయుచుండ, పెద్ద ఇంటిలో వృద్ధదంపతులు ఇరువురే మిగిలియుందురు. పొలము కడ మోటారు, దొడ్డిలో పశువులు, బీరువాలో పెండ్లినాటి నగలు – వీనికన్నిటికిని రక్ష కావలెను. అందుచేత వీధివాకిటిపై చిన్న కెమేరా యొకటి కనబడుట పట్టణములలోనే గాక పల్లెలలో సైతము సామాన్యమైనది. ఇది తప్పు కాదు. కాలమునకు తగిన జాగ్రత్త.

అయితే అరుగుపై కన్నుకును గోడపై కన్నుకును ఒక భేదము కలదు. అరుగుమీది వృద్ధుడు చూడదగినది చూచును; చూడరానిది కంటబడినపుడు మొగము త్రిప్పుకొనును. పొరుగింటి కోడలు దొడ్డిలో తల ఆరబెట్టుకొనుచున్నచో ఒక దగ్గు దగ్గి తన రాకను తెలుపును. కెమేరాకు మొగము త్రిప్పుకొనుట తెలియదు. చూచినదానిని మరచుటయు తెలియదు. ఆ మర్యాదను దానిని బిగించువాడే నేర్పవలెను. మర్యాద పాటించినచో రక్షణ తగ్గునేమో యని కొందరు భయపడుదురు. నిజమునకు మర్యాదగా బిగించిన కెమేరాయే దొంగను చక్కగా పట్టి యిచ్చును. ఈ మాట ఎట్లు సత్యమో విచారించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

తొలి కెమేరా చూచినది తన తలుపునే

ఇంటి రక్షణకై కెమేరాను వాడు ఆలోచనకు మూలమైనవారిలో ముఖ్యురాలు ఒక స్త్రీ. ఆమె పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. న్యూయార్కు నగరములోని క్వీన్స్ ప్రాంతమున నివసించిన నర్సు. ఆమెయు, ఆమె భర్తయు వేళగాని వేళలలో పనికి పోయి వచ్చుచుండెడివారు. ఒంటరిగా ఇంటనున్నపుడు తలుపు తట్టినది ఎవరో తలుపు తీయకుండ తెలిసికొను మార్గము ఆమెకు కావలసివచ్చెను. తలుపునకు వేర్వేరు ఎత్తులలో రంధ్రములుంచి, వాని వెనుక పైకిని క్రిందికిని జరుగు కెమేరా నమర్చి, లోపలి గదిలోని టెలివిజను తెరపై ఆగంతకుని మొగము కనబడునట్లును, లోపలనుండియే అతనితో మాటలాడుటకు వీలగునట్లును దంపతు లొక పద్ధతిని కల్పించిరి. 1966 ఆగస్టులో పేటెంటు కోరిరి. 1969 డిసెంబరులో అది లభించెను.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ కెమేరా చూచినది తన గుమ్మము ముందు నిలిచినవానినే. ఎదురింటి కిటికీతో దానికి పని లేదు. ఏమి కాపాడవలెనో ఆమె ముందుగా నిర్ణయించుకొనినది. ఆ పిమ్మట కెమేరాను నిలిపినది. నేడు చాలమంది ముందు నాలుగు కెమేరాలు కొని, తరువాత వానిని ఎచ్చట బిగింపవలెనాయని వెదకుచున్నారు.

కొనుటకు ముందు ఇంటిచుట్టు ఒక ప్రదక్షిణము

కెమేరా కొనదలచినవాడు మొదట సంధ్యవేళ ఒకసారి, రాత్రి ఒకసారి తన ఇంటిచుట్టు నడచి రావలెను. లోపలికి వచ్చుటకు త్రోవలెన్ని? వీధి గేటు, పెరటి తలుపు, డాబాపైకి పోవు మెట్లు – సాధారణముగా ఇవియే. వీనిలో ఏ తలుపునకు గడియ సడలియున్నది? ఎచ్చట దీపము లేదు? ముందు ఆ గడియను మార్పించి, ఆ చోట దీపము పెట్టింపవలెను. కెమేరా సాక్షియే గాని యోధుడు కాదు. అది దొంగ చేయిపట్టుకొని ఆపలేదు, జరిగినదానిని చెప్పగలదు. గట్టి తాళము, వెలుగు, పలుకరించు పొరుగువారు – ఈ మూడింటి తరువాతనే దాని స్థానము.

ఈ ప్రదక్షిణము పూర్తియైన పిమ్మట చాల ఇండ్లకు రెండు మూడు కెమేరాలకు మించి అక్కర లేదని తేలును.

వెడల్పు చూపులో మొగము దొరకదు

అంగడిలో అమ్మువాడు "ఈ కెమేరాతో వీధి మొత్తము కనబడునండీ" యని చెప్పినచో కొనువాడు సంతోషించును. అచ్చటనే మోసపోవుచున్నాడు. దీని వెనుక చిన్న లెక్క కలదు.

రెండు మెగాపిక్సెళ్ళ కెమేరా బొమ్మ అడ్డముగా 1920 చుక్కలతో ఏర్పడును. ముందెన్నడు చూడని మనిషిని బొమ్మనుబట్టి గుర్తింపవలెనన్నచో, అతడు నిలిచిన చోట ప్రతి మీటరు వెడల్పునకు 250 చుక్కలు ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణము. తెలిసినవానిని పోల్చుటకు 125 చాలును. ఇప్పుడు 2.8 మిల్లీమీటర్ల లెన్సును తీసికొందురు గాక. అది సుమారు 100 డిగ్రీల మేర చూచును. మూడు మీటర్ల దూరమున దాని చూపు వెడల్పు సుమారు 7 మీటర్లు. అనగా మీటరునకు సుమారు 270 చుక్కలు. మొగము చక్కగా దొరకును. అదే కెమేరాకు పది మీటర్ల దూరమున 24 మీటర్ల వెడల్పు కనబడును. మీటరునకు 80 చుక్కలే మిగులును. ఎవడో మనిషి పోయెనని తెలియును గాని ఎవడో తెలియదు.

6 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 50 డిగ్రీలు మాత్రమే చూచును. దాని చూపు ఇరుకు. అందుచేతనే ఎనిమిది మీటర్ల దూరమున నున్న గేటు కడ సైతము మొగమును గుర్తింపగలిగినంత స్పష్టముగా పట్టగలదు.

ఈ లెక్కలోనే నీతియు ఇమిడియున్నది. మూడిండ్లను ఒకే బొమ్మలో ఇరికించినవానికి మూడిండ్లవారితో తగవు వచ్చును. దొంగ మొగము మాత్రము రాదు. తన గేటును మాత్రమే చూచు కెమేరా పొరుగువారిని బాధింపదు; దొంగను విడువదు.

ఎన్నికలో చూడవలసిన ఇతర విషయములు

ఆరుబయట బిగించు కెమేరాకు వానను, దుమ్మును తట్టుకొను శక్తి ఉండవలెను. పెట్టెపై ఐపీ 66 లేక ఐపీ 67 అను గుర్తు దానిని తెలుపును. రాత్రివేళ చాల కెమేరాలు కంటికి కనబడని పరారుణ కిరణములతో నలుపు తెలుపు బొమ్మను తీయును. ఆ వెలుగులో నల్లని గుడ్డ తెల్లగా కనబడవచ్చును. కనుక రాత్రి బొమ్మలో చొక్కా రంగును చూచి ఒకనిపై నింద మోపరాదు. గుమ్మము కడ మామూలు దీప మొకటి వెలుగుచున్నచో బొమ్మయు బాగుండును. నిజమైన రంగులును తెలియును. ఆ దీపము పొరుగింటి పడకగది కిటికీలోనికి కొట్టకుండ చూచుకొనవలెను.

బొమ్మలు నిలువ చేయుటకు ఎంత చోటు కావలెననునది మరియొక లెక్క. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున నిలువ చేయు కెమేరాకు దినమునకు సుమారు 11 గిగాబైట్లు కావలెను. నాలుగు కెమేరాలకు 15 దినములకు 650 గిగాబైట్లు. ఒక టెరాబైటు డిస్కు చాలును. జనము గుమిగూడు సంస్థలు కెమేరాలు పెట్టి దృశ్యములను 30 దినములు భద్రపరుపవలెనని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చట్టము విధించినది. సామాన్యుని ఇంటికి ఆ నియమము లేదు. ఊరికి పోయి వచ్చునంతకాలము బొమ్మలు నిలిచినచో చాలును. ఆ పైన పాతవి తమంత తామే చెరిగిపోవునట్లు అమర్చుట మేలు. అక్కరలేని బొమ్మను దాచుట అక్కరలేని బాధ్యతను దాచుట.

కరెంటు పోయినపుడు కెమేరా పోకుండ చిన్న బ్యాటరీ యేర్పాటు ఉండవలెను. పొలము కడ సౌరఫలకముతోను సిమ్ కార్డుతోను పనిచేయు కెమేరాలు దొరకుచున్నవి. రికార్డరును వీధి గదిలో అందరికి కనబడు చోట పెట్టిన ఇంట దొంగ దానిని కూడ ఎత్తుకొనిపోవును.

అన్నిటికంటె ముఖ్యమైనది పాస్‌వర్డు. కంపెనీవారు పెట్టియిచ్చిన పాస్‌వర్డును మార్చని కెమేరా, తాళము వేసి తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీసిన ఇల్లు వంటిది. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము అట్లు వదలిన కెమేరాలను, రికార్డర్లను ప్రపంచమంతట వశపరచుకొని, వానిచేతనే ఆ సంవత్సరము అక్టోబరులో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసెను. తన ఇంటిని చూచు కన్ను పరులచేతిలో పడుటకంటె దౌర్భాగ్యమేమున్నది? సీసీ కెమేరాలకు భద్రతా పరీక్షలను తప్పనిసరి చేయుచు భారత ప్రభుత్వము చేసిన నియమములు 2025 ఏప్రిల్ 9 నుండి అమలులోనికి వచ్చినవి. కొనువాడు ఆ ధ్రువీకరణమును అడిగి చూచుకొనుట మంచిది. ధర చౌకయని ఊరు పేరు లేని సరుకును కొనరాదు.

బిగించు విధము

కెమేరాను ఎనిమిది మొదలు పది అడుగుల ఎత్తున నిలుపుట శ్రేష్ఠము. మిక్కిలి ఎత్తున నున్నచో తలపాగాలు కనబడును గాని మొగములు కనబడవు. తూర్పు పడమరలకు సూటిగా త్రిప్పినచో ఉదయ సాయంకాలములందు సూర్యకాంతికి బొమ్మ వెలవెలబోవును. లెన్సునకు చేరువగా గోడ అంచుగాని, ఆకుగాని, సాలెగూడుగాని ఉన్నచో రాత్రి కిరణములు వానిపై పడి బొమ్మ అంతయు తెల్లబారును. పండుగకు ఇల్లు దులుపునపుడు కెమేరాను కూడ తుడువవలెను.

దాని ముక్కు ఎల్లపుడు నేలవైపు వంగియుండవలెను. వంగిన కెమేరాకు తన వాకిలి కనబడును. తలయెత్తిన కెమేరాకు ఎదురింటి మేడ కనబడును. వంచినను పొరుగువారి దొడ్డియో కిటికీయో ఒక మూల పడుచున్నచో, ఆ భాగమును నల్లగా కప్పివేయు ఏర్పాటు చాల కెమేరాలలో కలదు. దానిని 'ప్రైవసీ మాస్కు' అందురు. కప్పిన భాగము తెరపై కనబడదు, నిలువయు కాదు. ఆ సౌకర్యము లేనిచో చిన్న రేకుముక్కను కెమేరా ప్రక్కన అడ్డముగా బిగించినను పని జరుగును.

మైకు సంగతి వేరుగా చెప్పవలసియున్నది. చూపునకు గోడ అడ్డు. మాటకు అడ్డు లేదు. అరుగుపై ఇరువురు వియ్యంపువారు ఆడుకొను మాటలు, ప్రక్కింటి భార్యాభర్తల సణుగుళ్ళు – ఇవి ఎవరి రికార్డరులోను ఉండదగినవి కావు. కనుక వెలుపలి కెమేరాలకు మైకును ఆపివేయుటయే ధర్మము.

తల త్రిప్పు కెమేరా మరియొక చిక్కు. అది ఏ క్షణమున ఎటు చూచుచున్నదో పొరుగువారికి తెలియదు. తెలియని చూపు తెలిసిన చూపుకంటె ఎక్కువ బాధించును. దొంగలను బెదరించుటకై పెట్టు ఉత్తుత్తి కెమేరా సైతము ఇట్టిదే; అది ఏమియు చూడకపోయినను, దాని ఎదుట తిరుగు స్త్రీకి ఆ సంగతి తెలియదు.

మేకు కొట్టుటకు ముందు ఒక మాట

పల్లె ఇండ్ల కట్టడిలో దొడ్డికిని దొడ్డికిని నడుమ నడుమెత్తు గోడయే ఉండుట కలదు. నూతి కడ స్నానము, బట్టలు ఉతుకుకొనుట, బిడ్డకు పాలిచ్చుట – ఇవి యన్నియు ఆకాశము క్రిందనే జరుగును. పెరటి గోడపై కెమేరా వెలసిన మరునాటినుండి ప్రక్కింటి ఇల్లాలు దొడ్డిలోనికి వచ్చుట మాని, ఉక్కలో లోపలనే కూర్చుండును. అడుగుటకు మొగమాటము, ఊరకుండుటకు మనసొప్పదు. కొన్నాళ్ళకు పెండ్లిపిలుపులు తగ్గును. ఆ తరువాత గట్టు తగవు పుట్టును. కారణము కెమేరా యని ఎవరును చెప్పరు.

దీనికి విరుగుడు మిక్కిలి సులభము. మేకు కొట్టుటకు ముందు ఇంటి యజమాని పొరుగింటికి పోయి, "పిన్నిగారూ, దొంగల భయానికి పెరటి తలుపు మీద కెమేరా పెట్టిస్తున్నాం. మీ దొడ్డి అందులో పడకూడదు. ఒకసారి వచ్చి చూసి చెప్పండి" యని అడుగవలెను. కెమేరా అమర్చిన పిమ్మట సెల్‌ఫోనులో ఆ బొమ్మను ఆమెకు చూపవలెను. "ఈ మూల మా తులసికోట కనబడుతోంది నాయనా, కొంచెం ఇటు తిప్పించు" అని ఆమె చెప్పును. త్రిప్పించుటకు పట్టునది రెండు నిమిషములు. నిలుచునది రెండు తరముల స్నేహము. అంతేకాదు. ఆనాటినుండి ఆ పిన్నిగారి కండ్లు కూడ ఆ ఇంటికి కాపలాయే. ఏ అంగడిలోను దొరకని కెమేరా అది.

చట్టము చెప్పునది

మాటతో తీరనిచోట చట్టము కలదు. 2017 ఆగస్టు 24న సుప్రీము కోర్టుకు చెందిన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఒక వ్యక్తియొక్క రహస్యాంగముల బొమ్మను అనుమతి లేక తీయుటకును, పంపుటకును సమాచార సాంకేతిక చట్టము 66ఇ సెక్షను క్రింద మూడేండ్లవరకు జైలు గాని, రెండు లక్షల రూపాయలవరకు జుల్మానా గాని, రెండునుగాని విధింపవచ్చును. తన్నెవరును చూడరను నమ్మకముతో స్త్రీ ఏకాంతమున నున్నపుడు ఆమెను చాటుగా చూచుట, బొమ్మ తీయుట భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారము నేరము. మొదటి తప్పునకే ఒక ఏడాదికి తక్కువ గాకుండ మూడేండ్లవరకు శిక్ష కలదు.

వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చేసిన చట్టము, ఒక వ్యక్తి తన సొంత గృహావసరమునకై చేయుపనికి వర్తింపదని చెప్పుచున్నది. దీనినిబట్టి ఇంటి కెమేరాకు హద్దే లేదని కొందరు తలచుచున్నారు. అది పొరపాటు. పైని చెప్పిన హక్కును నేరచట్టములును అట్లే నిలిచియున్నవి. ఉమ్మడి ఇంటిలో ఒక సోదరుడు రెండవవాని సమ్మతి లేక నివాసభాగమున కెమేరాలు నడుపుట గోప్యతకు భంగమని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు నిచ్చెను. సుప్రీము కోర్టు అదే సంవత్సరమున అందు జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. అన్నదమ్ముల నడుమనే హద్దు ఉన్నపుడు పొరుగువారి నడుమ ఉండదా?

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు న్యాయస్థానమునకు 2021లో ఒక వ్యాజ్యము వచ్చెను. దొంగల భయముతో ఒక గృహస్థు తలుపు గంటలోను, ఇంటిచుట్టును కెమేరాలు పెట్టెను. అవి పొరుగింటి స్త్రీ రాకపోకలను, మాటలను సైతము పట్టుచుండెను. దృశ్యముకంటె దూరమునుండి మాటలను పట్టుట మరింత దోషమని న్యాయాధికారి అభిప్రాయపడెను. తీర్పు ఆ స్త్రీ పక్షమున వచ్చెను. భయము నిజమైనదే కావచ్చును. ఆ భయమునకు హద్దు లేకపోవుటయే అతనికి చేటు తెచ్చినది.

ఇంటిలోపలి కన్ను

దూరదేశముననున్న కుమారుడు తల్లిదండ్రుల క్షేమము కోరి ఇంటి లోపల కెమేరా పెట్టించుట నేడు తరచుగా జరుగుచున్నది. ప్రేమతో చేసిన పనియే. కాని తండ్రి పంచె సవరించుకొనుటయు, తల్లి కంటతడి పెట్టుకొనుటయు కుమారుని ఫోనులో పడనక్కరలేదు. ఆ వృద్ధులను ముందుగా అడుగవలెను. పడకగదిలోను, స్నానాలగదిలోను ఎన్నడును పెట్టరాదు. వంటయింటిలో పనిచేయు మనిషికి కెమేరా ఉన్నట్లు తెలియజేయవలెను. అన్నిటికంటె, కెమేరా ఉన్నది గదా యని ఫోను చేయుట మానరాదు. చూచుట వేరు, పలుకరించుట వేరు.

దృశ్యములను వాడుటలో జాగ్రత్త

దొంగతనమో ప్రమాదమో జరిగినపుడు కెమేరా దృశ్యము పోలీసులకు మిక్కిలి ఉపకరించును. అందులకై కెమేరా గడియారము సరియైన తేదీని, వేళను చూపుచుండవలెను. అవసరమైన భాగమును వెంటనే వేరుగా దాచి, అసలును చెరుపక అప్పగింపవలెను. అట్టి సాక్ష్యమును న్యాయస్థానము స్వీకరించుటకు భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రము జతపరుపవలసియుండును.

అంతేగాని, "వీడే దొంగ" యని ఊరి వాట్సాప్ గుంపులో బొమ్మను వేయరాదు. తప్పిపోయిన గేదెను వెదకుచు వచ్చిన పరాయి ఊరి రైతు మరునాటికి దొంగగా పేరుపడిన తరువాత ఆ మచ్చను ఏ కెమేరాయు చెరుపలేదు. ఎవరి కోడలు ఎన్ని గంటలకు వచ్చినది, ఎవరింటికి ఎవరు పోయిరి అని రచ్చబండ కడ చెప్పుకొనుటకును అవి పనికిరావు.

ఇదే మర్యాద గ్రంథాలయమునకు క్రొత్త కాదు. ఏ చందాదారుడు ఏ పుస్తకము తీసికొనిపోయెనో గ్రంథపాలకుని పుస్తకములో వ్రాసియుండును. పుస్తకము తిరిగి వచ్చుటకే ఆ వ్రాత. వైద్యగ్రంథము తీసికొనిన రోగిని గూర్చి గాని, ప్రేమకథలు చదువు యువకుని గూర్చి గాని గ్రంథపాలకుడు వీధిలో చెప్పడు. చెప్పడను నమ్మకముచేతనే పాఠకులు ఆ గడప త్రొక్కుదురు. లెక్క ఉండవలెను, అది గుట్టుగా ఉండవలెను. గృహరక్షణకును ఇదే సూత్రము.

కెమేరా కొనదలచినవారు ఈ నాలుగు మాటలు జ్ఞప్తియందుంచుకొందురు గాక: చూపు తన గడపపై నిలుపవలెను, మైకు ఆపవలెను, పాస్‌వర్డు మార్పవలెను, మేకు కొట్టుటకు ముందు పొరుగువారితో ఒక మాట చెప్పవలెను. మొదటి మూడింటిని పనివాడు చేయగలడు. నాలుగవది మాత్రము ఇంటి యజమాని తానే పోయి చేయవలెను.